పొయ్యి దగ్గర ఊరికే కూర్చున్న మనిషి

1972 జనవరి 17, సోమవారం, పొద్దున ఏడున్నరకు మా కొత్త బెల్లం పొయ్యి మీద మొదటి మేస్త్రి పెనం ఎక్కించాడు. నేను గోడవారగా పీట వేసుకుని కూర్చున్నాను. చేతిలో మా ఆయన గడియారం. రసం పొంగడానికి ఎంతసేపు పట్టింది, పైన తేలే మడ్డి ఎన్నిసార్లు తీశాడు, పాకం దించేముందు ఎన్నిసార్లు నీళ్ళలో వేసి చూశాడు, అన్నీ గమనించాను. ఈ రోజుల్లో దీన్ని ఇంటర్వ్యూ అంటున్నారు. అప్పట్లో మా పద్ధతి ఒకటే. మనిషిని మాటలతో అడగం, ఒక పెనం వండించి చూస్తాం.

మేము బాన్సువాడ దగ్గరి క్యాంపుకు 1969లో వచ్చాం. కాలువ నీళ్ళ మీద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. అది ప్రత్యేక తెలంగాణ గొడవల సంవత్సరం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాతో అవసరమైనంతే మాట్లాడేవారు. మేమూ అంతే. రెండేళ్ళు వరి వేశాక మా ఆయన అయిదెకరాలు చెరకు పెట్టారు. బెల్లం వండటం ఆయనకు తెలియదు. మా పుట్టింట్లో గానుగ ఉండేది కనుక నాకు తెలుసు. "పొలం నాది, మనుషులు నీ వంతు" అన్నారు. అలా పనివాళ్ళను ఎంచుకునే బాధ్యత నాకు వచ్చింది. మా క్యాంపులో అప్పటికి ఏ ఆడమనిషీ ఆ పని చేయలేదు.

మొదటి మేస్త్రి మాటకారి. పెనం దించేదాకా తాను ఎవరెవరికి వండిపెట్టాడో చెబుతూనే ఉన్నాడు. రసం తేటపడాలని వేసే సున్నం ఎక్కువ వేశాడు. సాయంత్రానికి బెల్లం నల్లబడింది. రెండో అతను మరునాడు వచ్చాడు. బెల్లం పసుపుకొమ్ము రంగులో, కొడితే గలగలమనేటట్టు వచ్చింది. కానీ ఒంటరిగా వచ్చాడు. గానుగకు, పొయ్యికి, పిప్పికి మనుషుల్ని మీరే చూసుకోవాలన్నాడు. మూడో అతను గురువారం బిచ్కుంద వైపు నుంచి వచ్చాడు. వెంట నలుగురున్నారు. అతని బెల్లం రెండో అతని బెల్లమంత బాగా రాలేదు. అయినా అతన్నే ఖాయం చేశాను. కారణం వేరే ఏమీ కాదు, మనుషుల్ని వెతికే బాధ తప్పుతుందని. ఎనిమిదేళ్ళు నాకు అంత మంచి జట్టు దొరకడానికి కారణం నా తెలివి కాదు, ఆ బద్ధకమే.

ఆ అయిదుగురెవరో చెబుతాను. మేస్త్రికి నలభై ఏళ్ళుంటాయి. పెనం దగ్గర పని అతనిది. అతని భార్య పొయ్యి చూసేది. పొయ్యి నేలలో గొయ్యిగా ఉంటుంది. పెనం పైన, మంట నోరు కింద వెనకవైపున. అక్కడ కూర్చున్న మనిషికి పెనం కనపడదు, పైనున్న మనిషికి మంట కనపడదు. గానుగలో చెరకు పెట్టేది తండా నుంచి వచ్చిన మనిషి. మా క్యాంపుకు మైలున్నర దూరంలోనే వాళ్ళ తండా, అయినా అంతకుముందు నుంచే మేస్త్రి జట్టులో ఊరూరా తిరిగేవాళ్ళు. అతని భార్య రసం తీసిన పిప్పిని ఎండలో పరిచి, తిరగేసి, ఎండినదాన్ని పొయ్యి దగ్గరికి మోసేది. భార్యాభర్తలు తమలో తాము తమ భాష మాట్లాడుకునేవారు, మాతో తెలుగు. ఎడ్లను తోలడానికి మా జీతగాడే ఉండేవాడు, అతను ఆ లెక్కలోకి రాడు.

అయిదోవాడు మేస్త్రికి బావ. అక్క మొగుడు. అక్క చనిపోయి చాలాకాలమైంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఇతను ఏమీ చేసేవాడు కాడు. పొయ్యికి నాలుగు బారల దూరంలో పిప్పి కుప్ప నీడన కూర్చునేవాడు. బీడీ కాల్చేవాడు. అన్నానికి అందరికంటే ముందు లేచేవాడు. క్యాంపులో పిల్లాపెద్దా అందరూ అతన్ని బావ అనే పిలిచేవారు.

బెల్లం పనిలో ప్రతి పెనానికీ ఒక గడ్డు సమయం ఉంటుంది. పాకం చిక్కబడి బుడగలు చిన్నవయ్యే ఘడియ. అప్పుడు మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే జావగారుతుంది. ఆవిరికి కళ్ళు మండుతుంటాయి, చేతులు కాలుతుంటాయి. మా పుట్టింట్లో ఆ సమయంలో మేస్త్రి దగ్గరికి ఎవరూ పోయేవాళ్ళం కాదు. ఇక్కడి మేస్త్రి ఆ సమయంలో బావ మీద పడేవాడు.

"ఓ బావా! పిప్పి పచ్చిగున్నది, మీద నువ్వు గూసున్నవా ఏంది?"

"నేను గూసుంటెనే గా మాత్రం ఎండింది. నీ అయ్య గూసుంటె మొలకలొస్తుండె."

"గానుగ ఎందుకు నిమ్మలంగ తిరుగుతుంది? ఎడ్లకు నీ నిద్ర అంటిందా?"

"నిద్ర గాదు, నీ పాట ఇన్నయి. ఎటు వారిపోవాల్నో తెల్వక నిలవడ్డయి."

"నీకు అక్కనిచ్చిన మా నాయినను అనాలె."

"అను, అను. పాపం ఆయన గూడ గదే అనుకుంట పోయిండు."

గానుగ దగ్గర తండా మనిషి నవ్వేవాడు. గోతిలోంచి మేస్త్రి భార్య నవ్వు వినిపించేది. పిప్పి నానితే పిప్పి మోసే ఆమెను అనలేదు, మంట తగ్గితే భార్యను అనలేదు, అంతా బావనే. బావామరుదులు ఒకరినొకరు ఎంతమాటైనా అనుకోవచ్చు కదా, ఇక్కడైనా మా వైపైనా. ఎవరూ తప్పు పట్టరు. పెనం దిగాక మేస్త్రి మొహం కడుక్కుని బావ దగ్గరికే పోయి బీడీ అడిగేవాడు. ఇదంతా నేను ఎనిమిది సీజన్లు నా కళ్ళతో చూశాను. ముసలాయన పనిచేయకుండా తిట్లు తింటూ పొద్దుపుచ్చుతున్నాడనుకున్నాను.

మా ఇంటి కూర అతనికి నచ్చేది. "అమ్మా, మీ ఆంధ్ర కారం తింటె పొయ్యికి కట్టెలు అక్కెర లేదు, నన్ను గోతిల గూసోవెడితె సాలు" అనేవాడు. అందరూ నవ్వేవారు, నేను తప్ప. అయిదు విస్తళ్ళు వేస్తున్నాను, పనిచేసేది నలుగురు. ఈ లెక్క నన్ను ఏటేటా పొడుస్తూనే ఉంది. అన్నం ఖర్చు కాదు నా బాధ. వాళ్ళ కూలి బెల్లం రూపంలో ఉండేది. పెనానికి ఇంత అని వాళ్ళ వాటా తీసిపెడితే దాన్ని అయిదు సమభాగాలు చేసుకునేవారు. పొద్దస్తమానం ఎండలో పిప్పి తిరగేసే తండా ఆమెకు ఎంతో, నీడన కూర్చున్నతనికీ అంతే. ఆమె చేతులు పిప్పి పెచ్చులు గీసుకుని ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆ చేతులు చూసినప్పుడల్లా ఇది అన్యాయం అనిపించేది.

1979 నవంబరు 12, సోమవారం. ఆ ఏటి ఒప్పందానికి అయిదుగురూ వచ్చారు. ఒప్పందం కుదిరినప్పుడు మగవాళ్ళకు కండువా, ఆడవాళ్ళకు రవికగుడ్డ పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు నేను కొత్త పద్ధతి పెట్టాను. పక్క క్యాంపులో ఒకాయన చక్కెర మిల్లులో మనుషుల్ని ఎలా తీసుకుంటారో చెప్పాడు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఒకటే ప్రశ్న అడుగుతారట. నాకది నచ్చింది. వసారాలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచాను.

"నువ్వు లేకపోతే ఏం ఆగిపోతుంది?"

మేస్త్రి నవ్వాడు. "నేను లేకుంటె కడాయే లేదమ్మా." వాళ్ళు పెనాన్ని కడాయి అంటారు.

అతని భార్య, "పొయ్యి ఆరుతది" అంది.

తండా మనిషి, "గానుగ నిలబడతది" అన్నాడు.

అతని భార్య కాస్త ఆలోచించింది. "పిప్పి ఎవరు ఎండవెడ్తరు యాడీ?" అంది. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. నన్ను అలాగే పిలిచేది.

చివరికి బావ వచ్చాడు. కుర్చీకి ఎదురుగా నేలమీద కూర్చోబోతే పీట వేయించాను.

"నువ్వు లేకపోతే ఏం ఆగిపోతుంది?"

"నేను లేకుంటెనా?" అని అటూ ఇటూ చూశాడు. "ఏం ఆగదమ్మా. అన్ని నడుస్తయి."

"మరి నిన్ను ఎందుకు పెట్టుకోవాలి?"

"గదే నేను గూడ ఎనిమిదేండ్ల సంది అనుకుంటున్న. నువ్వు అడుగుతలేవు గద అని ఊకున్న."

అతను వేళాకోళం ఆడుతున్నాడనుకోలేదు. అడిగినదానికి తెలిసినంతలో నిజం చెప్పాడు. తన పని ఏమిటో అతనికీ తెలియదు.

పళ్ళెంలో రెండు కండువాలు, రెండు రవికగుడ్డలు పెట్టి తెచ్చాను. అందరికీ ఇచ్చాక పళ్ళెం ఖాళీ అయింది. బావ ఆ పళ్ళెం వైపు చూసి, "ఈ ఏడు నా మెడకు చలి వెట్టదని అమ్మకు ఎవరో చెప్పిండ్రు" అన్నాడు. మేస్త్రి పెద్దగా నవ్వాడు. "మంచిగైంది. పీడ వోయింది. ఇగ నాలుగు పాళ్ళు" అన్నాడు. నాలుగు వాటాలంటే ఎవరికి చేదు? తండా ఆమె మాత్రం బయటికి పోతూ నా దగ్గర ఆగింది.

"గాయన ఉంటె ఏమాయె యాడీ?"

"నీకు వాటా పెరుగుతుంది కదమ్మా."

"పెరుగుతది" అంది. ఆమె ఇంకేదో చెప్పబోయిందనుకుంటాను. నేను అప్పటికే లోపలికి నడిచాను.

1980 జనవరి 2న గానుగ మొదలైంది. అయిదెకరాల చెరకు, ఉగాదికి ముందే అంతా వండేయాలి. ఎండలు ముదిరితే చెరకులో రసం తగ్గుతుంది, ఉన్న రసంతో బెల్లం గడ్డకట్టదు. కొట్టిన చెరకు రెండు రోజులకంటే ఎక్కువ కింద ఉండకూడదు. ప్రతి ఏడూ రోజుకు నాలుగు పెనాలు దిగేవి. మొదటి వారం నాలుగు దిగాయి. బెల్లం బాగుంది. మా ఆయనతో, "చూశారా, అయిదోవాడు లేకపోతే ఏమైంది?" అన్నాను. "ఏమీ కాలేదు. కానీ పొయ్యి దగ్గర చప్పుడు లేదేమిటి?" అన్నారు. పనిచేసేవాళ్ళకు చప్పుడెందుకు అన్నాను.

చప్పుడు లేకపోవడం నిజమే. రెండోవారంలో ఒకరోజు నేను పొయ్యి దగ్గరున్నాను. పాకం చిక్కబడే సమయం వచ్చింది. మేస్త్రి తల పక్కకు తిప్పి, "ఓ బా..." అని ఆగిపోయాడు. పిప్పి కుప్ప నీడలో ఎవరూ లేరు. పళ్ళు కొరుక్కుని గరిటె తిప్పాడు. ఆ పెనం బాగానే దిగింది. దిగాక మొహం కడుక్కుని ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, మళ్ళీ పెనం దగ్గరికే వచ్చాడు.

జనవరి 23, బుధవారం. అంతకుముందు రోజు మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. పరిచిన పిప్పి తడిసింది. తండా ఆమె పొద్దున్నుంచి పైపొర తీసి అడుగుది ఎండబెడుతోంది. రెండో పెనం పాకానికి వచ్చేసరికి పొయ్యిలో పొగ కమ్మింది, మంట పడిపోయింది, పాకం జావగారింది. మేస్త్రి గరిటె పెనం అంచుకు వేసి కొట్టాడు.

"గీ పిప్పి దెచ్చింది ఎవరు? కండ్లు వోయినయా? అడివిల కట్టెలు గొట్టుకునేటోళ్ళకు కడాయి ఇజ్జత్ ఏం తెలుస్తది?"

ఆమె చేతిలో పిప్పి మోపుతో అలాగే నిలబడింది. గానుగ ఆగింది. ఆమె భర్త సగం నలిగిన చెరకు గడను వెనక్కి లాగి పక్కన పెట్టాడు. నెమ్మదిగా నడిచి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"మేస్త్రీ, నీ బావను అన్నట్టు నా పెండ్లాన్ని అంటున్నవ్. నేను నీ బావను గాను. ఆమె నీ అక్క గాదు."

మేస్త్రి ఏదో సర్దబోయాడు. "కోపంల ఒక మాట అన్న, ఇడ్సిపెట్టరాదు. ఎనిమిదేండ్ల సంది అంటలేనా?"

"అంటున్నవ్. మమ్ముల అనలే."

మధ్యాహ్నంలోపు వాళ్ళు మూట కట్టుకున్నారు. నేను అడ్డం నిలబడ్డాను. ఇంకా దాదాపు మూడెకరాల చెరకు నిలబడి ఉంది, కొట్టింది రెండు బండ్లు కింద ఉంది. "నేను మేస్త్రితో మాట్లాడతాను, నీకు క్షమాపణ చెప్పిస్తాను" అన్నాను.

"చెప్తడు" అంది ఆమె. "రేపు మల్ల కడాయి ఎక్కుతది గద యాడీ. మల్ల కోపమొస్తది. గప్పుడు ఎవరిని అంటడు?"

అప్పుడే, ఆ వాకిట్లో, అయిదోవాడి పని ఏమిటో నాకు అర్థమైంది. నవంబరులో నేను అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరికింది. కింద పడిన చెరకు ఇద్దరు క్యాంపు మనుషులతో ఎలాగో ఆడించాం. వాళ్ళకు పిప్పి ఎండబెట్టడం చేతకాదు. రోజుకు నాలుగు పెనాలు రెండయ్యాయి. ఉగాది దగ్గరపడుతోంది.

జనవరి 31, గురువారం నేను బావ ఉన్న ఊరు కనుక్కుని, బస్సెక్కి పెద్ద కొడప్‌గల్ వైపు పోయాను. ఎవరితోనైనా కబురు పంపొచ్చు. పంపలేదు. నేను వద్దన్న మనిషిని నేనే పోయి పిలవడం మర్యాద అనుకున్నాను. మా వైపు మర్యాద అంటే అదే.

అతను ఎవరి ఇంటి అరుగు మీదో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. ఒడిలో కాయలన్నీ కింద పడ్డాయి.

"అమ్మా! ఎవరన్న సచ్చిండ్రా?"

"ఎవరూ చావలేదు. నువ్వు రావాలి."

"ఏం జెయ్యనీకి?"

"కూర్చోడానికి."

జరిగింది చెప్పాను. నవ్వలేదు. తండా వాళ్ళు పోయారనగానే తల వంచుకున్నాడు.

"గా పిల్ల మంచిదమ్మా. నేను తిట్లు తింటుంటె నాకు సప్పుడు జెయ్యకుంట బెల్లం గడ్డ దెచ్చి ఇస్తుండె." కింద పడిన కాయలు ఏరుతూ, "నువ్వెందుకచ్చినవమ్మా? ఎవనితోనన్న కబురంపకపోతివి. గాడిదా, ఎక్కడ సచ్చినవ్, పెందలాడ రా అని మా బామ్మర్దితోనే అనిపిస్తె ఉరుక్కుంట వస్తుంటి" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు మామూలు మాటలాగే వినిపించింది. అతనికి బస్సులో నా పక్కన చోటిచ్చాను. బాన్సువాడ బస్టాండులో దిగి టీ తాగించాను. ఆటో మాట్లాడి క్యాంపుకు తెచ్చాను. ఆటో నేరుగా గానుగ దగ్గర ఆగింది. మేస్త్రి గరిటె పట్టుకుని చూస్తుండగా నేనూ అతని బావా దిగాం. నులకమంచం వేయించి, "ఇక్కడ కూర్చోవయ్యా" అన్నాను. అంతటితో పని చక్కబడుతుందని నిజంగా నమ్మాను.

మరునాడు పొద్దున్నే పోయాను, మాటలు విందామని. పాకం చిక్కబడే సమయం వచ్చింది. మంచం మీద బావ ముందుకు వంగి ఎదురుచూస్తున్నాడు.

"ఏమిరా బామ్మర్దీ, పాకమా, పశువుల కుడితా?" అన్నాడు, అందించినట్టు.

మేస్త్రి తలెత్తలేదు. "మీరు గూసోండి బావా" అన్నాడు.

మీరు! ఎనిమిదేళ్ళలో ఆ మాట నేను వినలేదు. బావ మొహం చూడలేకపోయాను.

మధ్యాహ్నం అన్నాలప్పుడు బావ నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, నువ్వు నన్ను పెద్దమనిషిని జేసినవ్. ఇగ నన్ను ఎవడు తిడ్తడు? వాని మీద నన్ను కావలి వెట్టినవనుకుంటుండు వాడు."

"నేను అతనితో చెబుతాను, అలాంటిదేం లేదని."

"ఏమని జెప్తవ్? మీ బావను మంచిగ తిట్టు నాయినా అని జెప్తవా? చెప్తె తిడ్తరా ఎవరన్న?"

అయినా మేస్త్రి చేత తిట్టించుకోవడానికి ప్రయత్నించాడు. మంచం దిగి పాత చోట పిప్పి కుప్ప నీడన కూర్చున్నాడు. మేస్త్రి బీడీ అడిగితే ఇవ్వనన్నాడు. గరిటె దాచాడు. ఎద్దుకు మేస్త్రి తండ్రి పేరు పెట్టి అదిలించాడు. గానుగ దగ్గర కొత్తవాళ్ళు నవ్వారు, మేస్త్రి నవ్వలేదు. "అట్ల జెయ్యకుండ్రి బావా, అమ్మ చూస్తది" అని మాత్రం అన్నాడు. నేను పొయ్యి దగ్గరికి పోవడం మానుకున్నాను. అప్పటికి మానుకుని లాభం లేకపోయింది.

ఫిబ్రవరి 6, బుధవారం. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను. జీతగాడు పరుగెత్తుకొచ్చాడు. మేస్త్రి సలసల కాగుతున్న మడ్డి గరిటెను కిందికి, మంట నోటివైపుకు విసిరేశాడట. భార్య పక్కకు జరిగింది కాబట్టి సరిపోయింది, కొంగు మాత్రం కాలింది. నేను పోయేసరికి ఆమె గోతిలోంచి ఎక్కి వచ్చి కుండలో నీళ్ళతో చేతులు కడుక్కుంటోంది. మేస్త్రి పెనం దగ్గరే కొయ్యబారి ఉన్నాడు. ఆమె ఏడవడం లేదు.

"ఇన్నేండ్ల సంది నా మొగడు మంచోడనుకున్ననమ్మా" అంది నాతో. "ఊర్ల అందరు మొగోళ్ళు కొడ్తరు, తిడ్తరు, నా మొగడు ఒక్క మాటనడు అని అందరికి జెప్పుకుంట తిరిగిన. తిట్లన్ని బావకు వోతుండె. గందుకే నా దాంక రాలే."

"ఇంటికి పోయాక కూడా ఇలాగేనా?" అని అడిగాను.

"నవంబరు సంది" అంది.

నవంబరు నుంచి. కండువాలు ఇచ్చిన నెల. అంతకుముందు బావ వాళ్ళ ఇంట్లోనే ఉండేవాడట, పని లేనివాడు ఇంకొకరి కూడు తినకూడదని ఆ రోజే సొంతూరికి వెళ్ళిపోయాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను పొయ్యి దగ్గరి అయిదోవాణ్ణి తీసేశాననుకున్నాను. వాళ్ళ ఇంట్లోని మూడోవాణ్ణి కూడా తీసేశాను.

ఆ సాయంత్రం బావ ఆమెను బిచ్కుంద అవతల పుట్టింటికి తోడుకుని పోయాడు. పోయేముందు నాతో, "పిలిచినందుకు సంతోషమమ్మా. ఎవరూ నన్ను పని మీద పిలవలే, నా బతుకుల నువ్వొక్కదానివే" అన్నాడు. ఆ మాట వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. మేస్త్రి ఆ మరునాడు ఒంటరిగా ఒక పెనం ఎక్కించాడు. పైకి కిందికి తిరగలేక సగంలో దించేశాడు. ఆ రాత్రి చెప్పకుండా వెళ్ళిపోయాడు.

తండాకు నేను రెండుసార్లు పోయాను. మొదటిసారి ఆమె నీళ్ళిచ్చింది, కూర్చోబెట్టింది, పనికి మాత్రం రామని చెప్పింది. రెండోసారి వాళ్ళు చెరకు నరకడానికి మహారాష్ట్ర వైపు వెళ్ళారని చెప్పారు. ఎప్పుడు వస్తారని అడిగితే తెలియదన్నారు.

1981లో మళ్ళీ మేస్త్రీలను పిలిచాను. ముగ్గురు వచ్చారు. ముగ్గురి చేతా పెనం వండించాను. బెల్లం ముగ్గురిదీ బాగుంది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను, "పాకం దగ్గర కోపం వస్తే ఎవరిని తిడతావు?" మొదటతను, నాకు కోపమే రాదమ్మా అన్నాడు. అతని మాట నమ్మలేదు. రెండో అతను, ఎవరు కనపడితే వాళ్ళను అన్నాడు. మూడో అతను చిన్నవాడు, పెళ్ళయి ఏడాది. సిగ్గుపడుతూ, ఇంటికి పోయినంక సూసుకుంట అన్నాడు. అతనికి అన్నం పెట్టి పంపేశాను. మా ఆయన, "నువ్వు మేస్త్రిని వెతుకుతున్నావా, అల్లుణ్ణి వెతుకుతున్నావా?" అన్నారు. చివరికి రెండో అతన్ని పెట్టుకున్నాం. ఇరవై ఆరు రోజుల్లో అతని దగ్గర నలుగురు మారారు. బెల్లం వండామనిపించాం.

మా పెద్దకోడలు బాన్సువాడలో స్కూలు పెట్టినప్పుడు టీచర్లను తీసుకునే రోజున నన్నూ కూర్చోమంది. ఒక్కొక్కరినీ ఏం చదివావు, ఎంత అనుభవం, ఏం చేయగలవు అని అడుగుతోంది. నేను ఏమీ అడగలేదు. అడగాల్సింది ఏమిటో నాకు తెలుసు, దాన్ని ఎలా అడగాలో మాత్రం ఇప్పటికీ తెలియదు. నువ్వు లేకపోతే పక్కవాళ్ళకు ఏమవుతుంది అని అడిగితే ఏ మనిషి చెప్పగలడు? మనిషి లేనప్పుడే అది తెలిసేది. తెలిశాక పిలిస్తే వచ్చేది ఆ మనిషి కాడు.

పోయినవి రాస్తాను.

ఆ సీజనులో వండకుండా మిగిలిన చెరకు రెండున్నర ఎకరాలు. అందులో కొంత గొడ్లకు నరికేశాం, మిగతాది మార్చిలో నిలువునా ఎండిపోతే తగలబెట్టాం. 1982 తర్వాత చెరకు వేయలేదు. గానుగ ఒకటి, పెనాలు రెండు, 1983లో పాత ఇనుము కింద పోయాయి. పొయ్యి గొయ్యిని మట్టితో పూడ్చాం.

తండా భార్యాభర్తలు మా వాకిలి తొక్కలేదు. మహారాష్ట్ర నుంచి తిరిగొచ్చారని విన్నాను. ఒకసారి బాన్సువాడ అంగట్లో ఆమె నన్ను చూసింది. తల ఊపింది, యాడీ అనలేదు.

మేస్త్రి భార్య పుట్టింటనే ఉండిపోయింది. మేస్త్రి ఇంకెక్కడా పెనం పట్టలేదని చెప్పారు. 1984 వర్షాకాలంలో బావ చనిపోయాడు. ఆ కబురు మాకు నెల తర్వాత తెలిసింది.

చెరకు రెండున్నర ఎకరాలు, మేస్త్రి ఇల్లు ఒకటి, బావామరుదుల స్నేహం ఒకటి, మనుషులు అయిదుగురు.